రోజువారీ అద్దె గదికి కులం అడ్డు రావచ్చా? సియాటిల్ నిబంధనలు ఏం చెబుతున్నాయి

అమెరికా వాయవ్య తీరాన, ప్యూజెట్ సౌండ్ ఒడ్డున ఉన్న సియాటిల్ నగరంలో రెండు చట్టాలున్నాయి. సొంత ఇంటిని గానీ, అందులో ఒక గదిని గానీ పర్యాటకులకు రోజుల లెక్కన అద్దెకివ్వాలంటే నగరం నుంచి లైసెన్స్ తీసుకోవాలని మొదటి చట్టం చెబుతుంది. ఇది 2019 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కులం పేరుతో వివక్ష చూపడం నేరుగా చట్టవిరుద్ధమని రెండోది చెబుతుంది. కౌన్సిల్ సభ్యురాలు క్షమా సావంత్ ప్రతిపాదించిన ఈ ఆర్డినెన్సును 2023 ఫిబ్రవరి 21న నగర కౌన్సిల్ 6-1 ఓట్లతో ఆమోదించింది. అమెరికాలో ఇలాంటి చట్టం చేసిన మొదటి నగరం సియాటిలే.

మొదటి చట్టం గురించి ఇళ్ల యజమానులు, రియల్ ఎస్టేట్ వాళ్లు మాట్లాడుకుంటారు. రెండోదాని గురించి మనం మాట్లాడుకుంటాం. రెండూ వచ్చి ఒకే గడప దగ్గర కలుస్తాయన్న సంగతి మీద మాత్రం చర్చ తక్కువ. ఎయిర్‌బీఎన్‌బీలో గది వెతుక్కునే దళిత కుటుంబానికి, కొత్త ఉద్యోగంలో చేరడానికి వచ్చి రెండు వారాలు ఎక్కడో ఒకచోట తలదాచుకోవాల్సిన కుర్రాడికి, మనవడిని చూడటానికి గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చే తల్లిదండ్రులకు ఈ రెండు చట్టాలూ కలిసి ఏమిస్తాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి? కులం, ఇంటి వసతి మీద పని చేస్తున్న పరిశోధకులుగా మేము దీన్ని వివరించే ప్రయత్నం చేస్తున్నాం.

లైసెన్స్ ఎవరికి, ఎన్ని ఇళ్లకు

ఒకే అతిథికి వరుసగా 30 రాత్రుల కంటే తక్కువ కాలానికి ఇల్లు గానీ గది గానీ అద్దెకిస్తే దాన్ని సియాటిల్ నగరం స్వల్పకాలిక అద్దెగా లెక్కిస్తుంది. అలా ఇచ్చేవాళ్లు ముందు నగరంలో వ్యాపార పన్ను ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ తర్వాత స్వల్పకాలిక అద్దె ఆపరేటర్ లైసెన్స్ తీసుకోవాలి. లైసెన్స్ నంబరును ప్రకటనలో చూపించాలి. ఆ నంబరు ఎస్‌టీఆర్-ఓపీఎల్ఐ అనే అక్షరాలతో మొదలవుతుంది. అతిథులను, యజమానులను కలిపే వెబ్‌సైట్లు కూడా నగరం నుంచి వేరే లైసెన్స్ తీసుకోవాల్సిందే.

అసలు కీలకమైన నిబంధన సంఖ్య గురించి. ఒక వ్యక్తి సాధారణంగా ఒక్క ఇంటినే ఇలా నడపగలరు. రెండో ఇల్లు కూడా నడపాలంటే ఆ రెండింటిలో ఒకటి తాము స్వయంగా నివసించే ఇల్లు అయి ఉండాలి. చట్టం రాకముందు నుంచే నడుపుతున్న కొందరికి, కొన్ని ప్రాంతాల్లో మినహాయింపులు ఇచ్చారు. మిగతా అందరికీ రెండే హద్దు.

ఈ హద్దు ఎందుకు? ఒక అపార్ట్‌మెంట్‌ను నెల అద్దెకిస్తే వచ్చేదానికంటే రోజుల లెక్కన పర్యాటకులకిస్తే ఎక్కువ వస్తుందనుకుంటే, డబ్బున్నవాళ్లు పది ఇళ్లు కొని పదింటినీ లాడ్జీలుగా మారుస్తారు. ఆ పది ఇళ్లలో ఉండాల్సిన పది కుటుంబాలు ఊరి అంచుకు నెట్టబడతాయి. తీర నగరాలన్నిటికీ ఈ సమస్య ఉంది. దక్షిణాన శాన్ డియాగో మరో దారి పట్టింది. అక్కడ ఏడాదిలో 20 రోజులకు మించి మొత్తం ఇంటిని అద్దెకిచ్చే లైసెన్సులను నగరంలోని ఇళ్ల సంఖ్యలో 1 శాతానికి, బీచ్ పక్కన ఉన్న మిషన్ బీచ్ ప్రాంతంలో మాత్రం 30 శాతానికి పరిమితం చేసి, లాటరీ తీశారు. ఆ నిబంధనలు 2023 మే నుంచి అమల్లోకి వచ్చాయి. సియాటిల్ నగరం మొత్తం మీద పరిమితి పెట్టకుండా మనిషికిన్ని అని పరిమితి పెట్టింది.

దీనికి తోడు వాషింగ్టన్ రాష్ట్రం 2019లో మరో చట్టం చేసింది. అతిథులకు అత్యవసర సమాచారం కనిపించేలా అంటించాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. కనీసం 10 లక్షల డాలర్ల బాధ్యతా బీమా ఉండాలి. లేదా అంత బీమా ఇచ్చే వెబ్‌సైట్ ద్వారానే అద్దెకివ్వాలి.

పన్ను డబ్బు ఎటు పోతుంది

సియాటిల్‌లో స్వల్పకాలిక అద్దెల మీద వచ్చే పన్నుకు ఒక ప్రత్యేకత ఉంది. 2018లో రాష్ట్ర శాసనసభ హోటళ్ల మీదున్న పన్నును ఈ అద్దె ఇళ్లకు కూడా వర్తింపజేసింది. సియాటిల్‌లో ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చే వాటా నగరానికి తిరిగి వస్తుంది. స్థానభ్రంశం ముప్పున్న సమూహాలు తామే నడుపుకునే అభివృద్ధి పనులకు, అందుబాటు ధరల ఇళ్లకు దాన్ని ఖర్చు చేయాలి. ఈక్విటబుల్ డెవలప్‌మెంట్ ఇనీషియేటివ్ అనే నగర కార్యక్రమానికి ఇది ముఖ్యమైన ఆదాయం.

ఆ స్థానభ్రంశం వెనక చరిత్ర మనకు కొత్త కాదు. 20వ శతాబ్దం తొలి సగంలో సియాటిల్‌లోని చాలా కాలనీల్లో ఇంటి దస్తావేజులోనే నల్లజాతివాళ్లకు, ఆసియావాళ్లకు, యూదులకు అమ్మకూడదని రాసేవారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయడానికి వీల్లేదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అయినా అమ్మేవాడి ఇష్టం, అద్దెకిచ్చేవాడి ఇష్టం మిగిలే ఉన్నాయి. 1964లో ఇళ్ల వివక్షను నిషేధించే ప్రతిపాదన ప్రజల ఓటుకు వస్తే సియాటిల్ ఓటర్లు రెండింతల తేడాతో ఓడించారు. చివరికి 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన రెండు వారాలకు, కౌన్సిల్ ఆ చట్టాన్ని ఆమోదించింది. వేరే చోట ఇల్లు దొరక్క నల్లజాతివాళ్లు స్థిరపడిన సెంట్రల్ డిస్ట్రిక్ట్‌లో 1970 ప్రాంతంలో వాళ్లే 70 శాతానికి పైగా ఉండేవారు. ఇప్పుడు 20 శాతం కూడా లేరు. ముందు కట్టిపడేశారు, తర్వాత ధరలతో తరిమేశారు. ఊరికి దూరంగా వాడ పెట్టి, తర్వాత ఆ వాడ భూమి రేటు పెరిగితే అక్కడి నుంచీ ఖాళీ చేయించడం మన ఊళ్లలోనూ చూశాం.

పేరు చూసి తలుపు

లైసెన్స్ చట్టం ఇళ్ల సంఖ్యను కట్టడి చేస్తుంది. ఆ ఇంట్లోకి ఎవరిని రానిస్తారన్నది వేరే ప్రశ్న. హోటల్ గుమస్తా ముందు డబ్బు చూస్తాడు. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి వ్యవస్థలో, అతిథి గది అడిగితే యజమాని ఒప్పుకోవడమో కాదనడమో చేసే పద్ధతి ఉంది. ఒప్పుకునే ముందు వాళ్లకు కనిపించేది పేరు, పాత రివ్యూలు, రెండు ముక్కల పరిచయం.

పేరు ఏం చేస్తుందో హార్వర్డ్ పరిశోధకులు బెంజమిన్ ఎడెల్‌మన్, మైకేల్ లూకా, డాన్ స్విర్‌స్కీ కొలిచి చూపించారు. 2015లో ఐదు అమెరికన్ నగరాల్లో సుమారు 6,400 ప్రకటనలకు ఒకే రకమైన అభ్యర్థనలు పంపారు. తేడా పేరులో మాత్రమే. నల్లజాతివాళ్లవిగా గుర్తుపట్టే పేర్లతో వెళ్లిన అభ్యర్థనలకు ఒప్పుకోలు 16 శాతం తక్కువగా వచ్చింది. 2017లో అచ్చయిన ఈ పరిశోధనతో, దానికి ముందే సోషల్ మీడియాలో నల్లజాతి ప్రయాణికులు బయటపెట్టిన అనుభవాలతో కంపెనీ మీద ఒత్తిడి పెరిగింది. 2018 నుంచి బుకింగ్ ఖాయమయ్యాకే అతిథి ఫొటో యజమానికి కనిపించేలా మార్చారు. ఓరెగాన్ రాష్ట్రంలో వేసిన ఒక దావా రాజీలో భాగంగా, 2022 జనవరి 31 నుంచి ఆ రాష్ట్రవాసులు గది అడిగినప్పుడు పేరు బదులు పొడి అక్షరాలే కనిపించే ఏర్పాటు చేశారు.

ఇక్కడ తెలుగువాళ్లం ఒక్క క్షణం ఆగాలి. అమెరికన్ యజమానికి మన పేర్లన్నీ ఒకటే. తెలుగు యజమానికి కావు. పేరు చివర తోక ఉందా, ఇంటిపేరు ఏమిటి, బైబిలు పేరా, తండ్రి పేరేమిటి అన్నవి చాలు. అవి చాలకపోతే 'మీది ఏ ఊరు? ఊళ్లో ఎక్కడ?' అన్న రెండు ప్రశ్నలతో లెక్క తేలిపోతుంది. పొడి అక్షరాలు జాతిని దాచగలవేమో గానీ, ఫోన్లో రెండు నిమిషాలు మాట్లాడితే కులం దాగదు. పైగా మనవాళ్ల మధ్య గదుల బేరం చాలాసార్లు వెబ్‌సైట్ దాకా పోదు. వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్ పేజీల్లో 'తెలుగు ఫ్యామిలీ, ప్యూర్ వెజ్ మాత్రమే' అంటూ నడుస్తుంది.

అలా గ్రూపులో పెట్టిన గది కూడా చట్టానికి లోబడే ఉంటుంది. సియాటిల్ నగరంలో డబ్బు తీసుకుని పదిహేను రోజులకు ఒక గది ఇస్తే అది 30 రాత్రుల లోపు అద్దే. వెబ్‌సైట్లో పెట్టినా, గ్రూపులో పెట్టినా లైసెన్స్ అవసరమే.

కుల వివక్ష చట్టం ఎక్కడెక్కడ వర్తిస్తుంది

2023 ఆర్డినెన్సు కొత్తగా ఒక విభాగాన్ని కట్టలేదు. జాతి, మతం, లింగం లాంటి కారణాలతో వివక్షను నిషేధించే పాత నగర చట్టాల్లోకి 'కులం' అనే మాటను చేర్చింది. పుట్టుకతో వచ్చే హోదా, కులం లోపలే పెళ్లిళ్లు, ఆచారమో చట్టమో మతమో బలపరిచే సామాజిక అడ్డుగోడలు ఉన్న కఠినమైన అంతస్తుల వ్యవస్థగా దాన్ని నిర్వచించింది. ఉద్యోగాల్లో, ఇళ్ల అద్దెల్లో, అమ్మకాల్లో, గృహరుణాల్లో, హోటళ్లు, రవాణా, దుకాణాలు, మరుగుదొడ్ల వంటి ప్రజా వసతుల్లో ఇది వర్తిస్తుంది.

మరి రోజుల లెక్కన ఇచ్చే ఇల్లు దేని కిందికి వస్తుంది? ఇల్లా, హోటలా? మా వాదన ఇది. నగరం నుంచి లైసెన్స్ తీసుకుని, డబ్బు కట్టే ఎవరికైనా అని ప్రకటన ఇచ్చి, హోటల్ పన్నే వసూలు చేస్తున్న చోటు అతిథి విషయంలో హోటల్ లాంటిదే. పన్ను కట్టేటప్పుడు హోటల్, అతిథిని కాదనేటప్పుడు సొంత ఇల్లు అంటే కుదరదు. మొత్తం ఇంటినో, అపార్ట్‌మెంట్‌నో ఇస్తూ, తాను అందులో ఉండని యజమాని విషయంలో ఈ వాదన గట్టిగా నిలుస్తుంది.

మిసెస్ మర్ఫీ గది

యజమాని తాను ఉంటున్న ఇంట్లోనే గది ఇస్తే చిక్కు వస్తుంది. 1964 నాటి అమెరికా పౌర హక్కుల చట్టం హోటళ్లలో జాతి వివక్షను నిషేధిస్తూ ఒక మినహాయింపు పెట్టింది. ఐదు గదులకు మించని భవనంలో యజమాని తానూ నివసిస్తుంటే నిషేధం వర్తించదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టంలోనూ, నాలుగు కుటుంబాలకు మించని భవనంలో యజమాని ఉంటే చాలావరకు మినహాయింపు ఉంది. దీన్ని మిసెస్ మర్ఫీ మినహాయింపు అంటారు. మిసెస్ మర్ఫీ అనే విధవరాలు పొట్టకూటికి తన ఇంట్లో రెండు గదులు అద్దెకిస్తోందని, ఆమెను ఎందుకు బలవంతపెట్టాలని నాటి చర్చల్లో ఊహించిన పాత్ర ఆమె. సియాటిల్ ఇళ్ల వివక్ష చట్టంలో కూడా యజమాని నివసించే ఒంటి కుటుంబ గృహంలో కొంత భాగాన్ని అద్దెకిచ్చే సందర్భానికి మినహాయింపు ఉంది.

ఇప్పుడు కులం వైపు నుంచి చూడండి. విడి అపార్ట్‌మెంట్‌ను అద్దెకిచ్చే తెలుగు యజమాని అతిథి కులాన్ని పట్టించుకోకపోవచ్చు. తాళం కోడ్ పంపిస్తే పని అయిపోతుంది. వంటగది పంచుకోవాల్సి వచ్చినప్పుడు, ఒకే ఫ్రిజ్‌లో గిన్నె పెట్టాల్సినప్పుడు, పూజ గది పక్కనుంచి నడవాల్సినప్పుడు కులం నిద్ర లేస్తుంది. అంటే అంటరానితనం ఎక్కడ బలంగా ఉంటుందో, సరిగ్గా అక్కడే చట్టం గడప బయట ఆగిపోయేలా ఈ మినహాయింపు ఉంది. తెల్ల విధవరాలి ఏకాంతం కోసం తీసిన సందు, మన అగ్రకుల మడికి కూడా సరిపోయింది.

'వెజ్ మాత్రమే' అన్న షరతు సంగతీ ఇక్కడే చెప్పాలి. ఇంట్లో మాంసం వండొద్దని అందరికీ ఒకేలా చెబితే అది ఇంటి నియమం. కొందరికి ఆ షరతు సడలించి, ఇంటిపేరు విన్నాక కొందరికే బిగిస్తే, లేదా నేను ఇంట్లో మాంసం వండను అన్నా మీరు తినేవాళ్లే కదా అని గది లేదంటే, అప్పుడు ఆహారం ముసుగు, కులం ముఖం.

నగరం హద్దు దాటితే

ఇంకో ముఖ్యమైన సంగతి చిరునామా. సియాటిల్ ఆర్డినెన్సు సియాటిల్ నగర హద్దుల్లోనే చెల్లుతుంది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడింది సరస్సుకు ఆవలి ఒడ్డున రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్, అటు బోథెల్ వైపు. వాటికి సొంత నగర పాలక సంస్థలున్నాయి. సియాటిల్ లైసెన్స్ నంబరు గానీ సియాటిల్ కుల నిషేధం గానీ అక్కడ పని చేయవు. 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరం ఇలాంటి నిషేధం తెచ్చింది. రాష్ట్రమంతటా వర్తించేలా కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన ఎస్‌బీ 403 బిల్లును మాత్రం గవర్నర్ గావిన్ న్యూసమ్ అదే ఏడాది అక్టోబరు 7న వీటో చేశారు. పూర్వీకత, జాతి వంటి కారణాలతో వివక్ష ఇప్పటికే నిషిద్ధం కాబట్టి కొత్త చట్టం అనవసరమని ఆయన అన్నారు. ఆ మాటనే పట్టుకుని, సియాటిల్ బయట ఉన్నవాళ్లు పూర్వీకత, జాతీయ మూలం అనే ప్రస్తుత కారణాల కింద ఫిర్యాదు చేయడానికి ప్రయత్నించవచ్చు. అయితే 'కులం' అన్న మాట చట్టంలో రాసి ఉండటానికి, వాదించి ఒప్పించాల్సి రావడానికి చాలా దూరం ఉంది.

ఎదురైతే ఏం చేయాలి

గది ఇస్తానని, పేరో ఊరో తెలిశాక మాట మార్చారనుకుందాం. మొదట, సంభాషణ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోవాలి. ప్రకటనను కూడా తీసుకోవాలి, ఎందుకంటే అది మర్నాటికి మాయం కావచ్చు. ఫోన్లో జరిగిన మాటలైతే అదే రోజు తేదీ, సమయంతో రాసిపెట్టుకోవాలి. వాషింగ్టన్‌లో ప్రైవేటు ఫోన్ సంభాషణను అవతలివాళ్లకు చెప్పకుండా రికార్డు చేయడం చట్టవిరుద్ధం, కాబట్టి ఆ పని చేయొద్దు. రెండు, అవే తేదీలకు వేరే కులం పేరున్న మిత్రులతో అడిగించి చూడాలి. వాళ్లకు ఖాళీ ఉందంటే అదే బలమైన సాక్ష్యం. హార్వర్డ్ పరిశోధకులు చేసింది కూడా పెద్ద ఎత్తున ఇదే. మూడు, ఆ ఇల్లు సియాటిల్ హద్దుల్లో ఉందా, ప్రకటనలో లైసెన్స్ నంబరు ఉందా చూసుకోవాలి. నాలుగు, సియాటిల్ ఆఫీస్ ఫర్ సివిల్ రైట్స్‌కు ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదుకు డబ్బు కట్టక్కర్లేదు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు ఉంటుంది కాబట్టి నెలల తరబడి ఆలస్యం చేయకూడదు. వెబ్‌సైట్ ద్వారా జరిగితే ఆ కంపెనీకి కూడా విడిగా ఫిర్యాదు చేయాలి.

మన దగ్గర చట్టం ఎలా ఉంది

ఇది అమెరికా కథేలే అనుకోవడానికి లేదు. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లిన అంబేడ్కర్‌కు దిగడానికి చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రిజిస్టర్లో రాయించుకుని ఉన్నారు. పదకొండో రోజు కర్రలతో వచ్చిన గుంపు ఆయనను వెళ్లగొట్టింది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే దీన్ని రాశారు. రాత్రికింత అని డబ్బు కట్టినా, రిజిస్టర్లో పేరే నిర్ణయించింది.

అలాంటి మనిషి రాజ్యాంగ రచనలో ఉండటం వల్ల ఒక మేలు జరిగింది. ఇప్పటి 15(2) అధికరణ మీద చర్చలో 1948 నవంబరు 29న ఆయన 'దుకాణం' అనే మాటను విశాలంగా వివరించారు. సేవ కోరి వచ్చిన ఎవరికైనా ఆ సేవ అందించడానికి సిద్ధపడిన ప్రతి చోటూ అందులోకి వస్తుందన్నారు. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం 'హోటల్' అన్న మాటలో బోర్డింగ్ హౌస్‌ను, లాడ్జింగ్ హౌస్‌ను కూడా కలిపింది. ఇన్ని గదుల లోపు అయితే మినహాయింపు అన్న షరతు ఆ నిర్వచనంలో లేదు. పైగా బాధితులు షెడ్యూల్డ్ కులాలవాళ్లయితే, ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలని, కాదని నిరూపించాల్సింది నిందితులేనని 12వ సెక్షన్ చెబుతుంది. అంటే కాగితం మీద మన చట్టం సియాటిల్ కంటే ఒక అడుగు ముందుంది. మిసెస్ మర్ఫీకి ఇక్కడ చోటు లేదు.

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఇవ్వొచ్చు, యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి. అంటే వంటగది, భోజనం బల్ల పంచుకునే ఇళ్లే. విశాఖపట్నం తీరం పొడవునా, అరకు లోయలో ఇలాంటి ఇళ్లకు గిరాకీ పెరుగుతున్నకొద్దీ ఈ ప్రశ్న మన గుమ్మంలోకీ వస్తుంది. డబ్బు తీసుకుని అతిథిని ఉంచుకునే హోమ్‌స్టే లాడ్జింగ్ హౌస్ కాకుండా పోదన్నది మా అవగాహన.

లైసెన్స్ అనేది నగరం చేతిలో ఉన్న తాళంచెవి. బీమా లేకపోతే, అలారం లేకపోతే అద్దెకివ్వొద్దని చెప్పగలిగిన ప్రభుత్వం, కులం అడిగితే అద్దెకివ్వొద్దని కూడా చెప్పగలదు. అందుకే రెండు చోట్లా అడగాల్సినవి ఇవి. లైసెన్స్ దరఖాస్తులోనే కుల వివక్ష చూపనన్న హామీ తీసుకోవాలి. అత్యవసర నంబర్ల పక్కనే ఫిర్యాదు ఎక్కడ చేయాలో అంటించాలి. వివక్ష రుజువైతే లైసెన్స్ పునరుద్ధరించకూడదు. డబ్బు కోసం తలుపు తెరిచిన ఇంటికి యజమాని నివాసం అన్న మినహాయింపు వర్తించదని సియాటిల్ కౌన్సిల్ స్పష్టంగా రాయాలి. సొంత ఇంటికి ఎవరిని పిలవాలో యజమాని ఇష్టం. అద్దెకు పెట్టిన గదికి ధర ఒక్కటే ఉండాలి, అది ప్రకటనలో రాసిన ధర.